అంగం నుంచి ఏదో కారుతోందా? ముందు "ఎప్పుడు" అన్నది చూడండి

ఈ బాధతో వచ్చే మగవాళ్లలో చాలామంది ముందు పది నిమిషాలు గ్యాస్ గురించో, నడుం నొప్పి గురించో మాట్లాడతారు. లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడ ఆగి "ఇంకోటి అడగాలి డాక్టర్‌గారూ" అంటారు. వచ్చింది అందుకే. ఒకాయనైతే డ్రాయరు మీది మరకను ఫొటో తీసి తెచ్చాడు, జూమ్ చేసి మరీ చూపించాడు. అది తెలుపా, పసుపా అని ఆయన బెంగ. ఎండిన మరకను చూసి చెప్పగలిగేది పెద్దగా ఉండదు. మామూలు వీర్యం కూడా గుడ్డ మీద ఎండితే పసుపుగానే కనబడుతుంది. నేను అడిగింది ఒక్కటే: "అది వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు?"

కోరిక కలిగినప్పుడా, విరేచనానికి ముక్కినప్పుడా, నిద్రలోనా? ఈ మూడింటిలో ఏదైనా అయితే దాదాపుగా మామూలే. ఏ సంబంధమూ లేకుండా దానంతట అదే వస్తుంటే మాత్రం, నీళ్లలా తేటగా ఉన్నా సరే, పరీక్ష చేయించాల్సిందే. రంగు, వాసన, చిక్కదనం ఆ తర్వాతి మాట.

కోరిక కలిగితే తేటగా, జిగటగా, తీగలా సాగుతోంది

మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథికి దిగువన, బఠాణీ గింజంత కౌపర్ గ్రంథులు రెండుంటాయి. ఈ ద్రవం వాటిది. మూత్రం పోయే దారిలో మిగిలిన ఆమ్లాన్ని తగ్గించి, వీర్యానికి దారి సిద్ధం చేస్తుంది. కొందరికి చుక్క కూడా రాదు, కొందరికి బట్ట తడుస్తుంది. రెండూ ఆరోగ్యమే, మందు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఇందులో వీర్యకణాలు ఉండొచ్చు. "చివర్లో బయటికి తీసేస్తాం" అనే పద్ధతి నమ్ముకుని గర్భం వచ్చిన జంటలున్నారు.

నిద్రలో పడిపోతోంది

వయసొచ్చిన అబ్బాయిల్లో సహజం, పెద్దవాళ్లలోనూ జరుగుతుంది. వారానికి ఇన్నిసార్లే అన్న లెక్క లేదు.

ముక్కినప్పుడు, లేదా మూత్రం చివర తెల్లటి చుక్కలు

భయం ఎక్కువగా ఇక్కడే. మలబద్ధకం ఉన్నప్పుడు గట్టి మలం ప్రొస్టేట్‌ను, దాని వెనకున్న వీర్యకోశాలను నొక్కుతుంది. నాలుగు చుక్కలు బయటికొస్తాయి. నీళ్లు, పీచు ఉన్న తిండి పెంచి మలబద్ధకం తగ్గిస్తే ఇదీ తగ్గుతుంది.

మూత్రమే తెల్లగా, కలకగా వస్తుంటే చాలాసార్లు అది ఫాస్ఫేట్ లవణం. గాజు గ్లాసులో పట్టి కొంచెం వెనిగర్ కలపండి. కలక విడిపోయి తేటపడితే అది ఫాస్ఫేటే, వీర్యం కాదు. ఇది చేసి చూపిస్తే కొందరి ముఖాల్లో ఎన్నేళ్ల భారమో దిగిపోతుంది. తేటపడకపోతే, లేదా మంట ఉంటే మూత్ర పరీక్ష చేయించండి. ప్రొస్టేట్ కోసం టామ్సులోసిన్ వేసుకునేవారిలో, మధుమేహం బాగా ముదిరినవారిలో వీర్యం వెనక్కి తిరిగి మూత్రాశయంలోకి పోవచ్చు. అప్పుడు కలయిక తర్వాతి మూత్రం కలకగా ఉంటుంది. ప్రమాదం లేదు, కానీ పిల్లలు కావాలనుకుంటే డాక్టర్‌కు చెప్పాలి.

వీర్యం పోయినందువల్లే నీరసం, మతిమరుపు, బరువు తగ్గడం అని నమ్మి కుంగిపోయే స్థితికి 1960లో సైకియాట్రిస్ట్ ఎన్.ఎన్. విగ్ "ధాత్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. వీర్యంలో ఎక్కువ భాగం నీరే. వృషణాలు రోజూ కోట్ల కణాలు తయారు చేస్తూనే ఉంటాయి. అలాగని ఆ నీరసం అబద్ధమూ కాదు. నిద్రపట్టక, తిండి సహించక వచ్చింది. వైద్యం చేయాల్సింది ఆ బెంగకు. "ధాతుపుష్టి" పొట్లాలు జేబును ఖాళీ చేస్తాయి, బెంగను మాత్రం పెంచుతాయి.

ముందరి చర్మం కింద తెల్లటి పిండిలా

రాలిన చర్మకణాలు, నూనె కలిసిన మడ్డి అది. లోపలి నుంచి కారేది కాదు. చర్మం వెనక్కి జరిపి రోజూ నీళ్లతో కడిగితే చాలు. ఘాటు సబ్బుతో రుద్దితే లేని మంట తెచ్చుకున్నట్టే. కడిగాక చర్మాన్ని మళ్లీ ముందుకు జరపడం మరవొద్దు. చిన్నపిల్లలకు బలవంతంగా వెనక్కి లాగొద్దు.

దురద, ఎరుపు, చర్మం మీద సన్నటి చీలికలు కూడా ఉంటే ఫంగస్. క్లోట్రిమజోల్ క్రీముతో సాధారణంగా తగ్గుతుంది. మళ్లీ మళ్లీ వస్తే రక్తంలో షుగర్ చూపించుకోండి; మధుమేహం మొదట ఇలా బయటపడినవాళ్లు ఉన్నారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి వదులుతాయి కాబట్టి వాటివల్లా ఇది రావచ్చు. మాత్ర మీరే ఆపకండి, రాసిన డాక్టర్‌కు చెప్పండి.

దానంతట అదే వస్తోంది

చిక్కటి పసుపు లేదా ఆకుపచ్చ చీము, మూత్రానికి వెళ్తే నిప్పు పెట్టినట్టు మంట, కొత్త కలయిక జరిగి వారం లోపే అయితే ముందు అనుమానించాల్సింది గనేరియా. మన పెద్దలు "సెగ రోగం" అన్నది దీన్నే. గ్రీకు మూలంలో ఆ పేరుకు అర్థం "బీజం కారడం". చీమును చూసి వీర్యమనుకున్నారు ప్రాచీన వైద్యులు. ఇప్పుడేమో వీర్యాన్ని చూసి చీమనుకుని వస్తారు! కారణమైన క్రిమిని జర్మన్ వైద్యుడు నైసర్ 1879లో కనుక్కున్నాడు. స్లైడు మీద చీముకణాల లోపల, ఎదురెదురుగా పెట్టిన కాఫీగింజల్లా జంటలు జంటలుగా కనబడుతుంది.

పల్చగా, తేటగా, ఉదయం లేవగానే ఒక్క చుక్క, కొద్దిగా మంట లేదా లోపల దురద: ఇది క్లమీడియా అనే సుఖవ్యాధి తీరు. కలయిక తర్వాత ఒకటి నుంచి మూడు వారాలకు మొదలవుతుంది. చాలామంది మగవాళ్లలో అసలు లక్షణమే ఉండదు. తమకు తెలియకుండానే భార్యకు అంటిస్తారు, ఆమెకు గర్భనాళాలు దెబ్బతినొచ్చు. మైకోప్లాస్మా, ట్రైకోమోనాస్ అనే క్రిములు కూడా ఇలాంటి స్రావాన్నే ఇస్తాయి. కంటితో చూసి ఇది ఫలానా అని తేల్చడం నాకూ కుదరదు. పరీక్ష కావాలి.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మామూలు మూత్ర పరీక్షకు మధ్యధార పట్టమంటారు కదా, అదే అలవాటుతో మధ్యధార పట్టి తెస్తారు. దీనికి కావలసింది మొదటి ధార, 20 నుంచి 30 మి.లీ. దానికి ముందు కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకూడదు. మందుల షాపులో అడిగి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు మింగి వస్తే పరీక్ష తేలదు, రోగం తగ్గదు. ఒకప్పుడు పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్‌కు గనేరియా క్రిమి ఇప్పుడు చాలాచోట్ల లొంగదు. గనేరియాకు సాధారణంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ ఒకటి, క్లమీడియాకు డాక్సీసైక్లిన్ ఏడు రోజులు ఇస్తారు. హెచ్ఐవీ, సిఫిలిస్ రక్త పరీక్షలు అప్పుడే చేయించేయండి.

గత 60 రోజుల్లో కలిసినవాళ్లకు చెప్పాలి, వాళ్లూ మందు వాడాలి. మందు మొదలుపెట్టాక ఏడు రోజులు కలయిక వద్దు. చీము తాకిన చేతులతో కళ్లు నలపకండి, గనేరియా కంటికి పాకితే చూపుకే ముప్పు.

జ్వరం, చలి, మలద్వారానికి ముందు భాగంలో నొప్పి తోడైతే ప్రొస్టేట్‌కు ఇన్‌ఫెక్షన్ పాకి ఉండొచ్చు, అదే రోజు చూపించుకోండి. ఒకవైపు వృషణం ఉన్నట్టుండి తట్టుకోలేనంతగా నొప్పి పెడితే అది మెలిపడి ఉండొచ్చు. అప్పుడు ఆరు గంటల లోపు ఆపరేషన్ జరగడం ముఖ్యం. స్రావం సంగతి వదిలేసి ఎమర్జెన్సీకి వెళ్లండి.

వీర్యంలో రక్తం

చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. నలభై లోపువారిలో ఒకటి రెండుసార్లు కనబడి పోతే చాలావరకు ప్రమాదం ఉండదు. ప్రొస్టేట్ బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) తర్వాత కొన్ని వారాలు కనబడటం మామూలే. నెల దాటినా, నలభై పైబడినా, మూత్రంలో కూడా రక్తం ఉన్నా పరీక్షలు అవసరం.

మందు వాడినా ఆగలేదు

భాగస్వామి మందు వాడకపోవడం మొదటి కారణం. మైకోప్లాస్మా అయితే దానికి కణగోడ ఉండదు, గోడ మీద దెబ్బకొట్టే పెన్సిలిన్ జాతి మందులు దాన్నేమీ చేయలేవు. వేరే మందు కావాలి. మూడో కారణం ఎవరూ తమంతట చెప్పరు. "ఇంకా వస్తోందా అని ఎలా చూస్తున్నారు?" అని అడిగితే, బొటనవేలు, చూపుడువేలు కలిపి వెనకనుంచి ముందుకు పిండే తీరు చేసి చూపిస్తారు. రోజుకు నాలుగైదుసార్లు. అలా పిండితే ఆరోగ్యంగా ఉన్న మూత్రనాళం కూడా ఒరుసుకుని చుక్క ఇస్తుంది. పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చిన అలాంటి ఒకాయనకు మందు చీటీ రాయలేదు. రెండు వారాలు చెయ్యి వేయకుండా ఉండి రమ్మన్నాను. తిరిగొచ్చి ఈసారి తలుపు దగ్గర ఆగలేదు, కూర్చోగానే చెప్పాడు ఆగిపోయిందని.