మన వరి విత్తనం – మూడవ పాఠం: కంకికో వరుస

గత పాఠంలో 100 గింజలను తడి గోనెసంచిలో చుట్టి మొలక శాతం లెక్కించే పద్ధతి నేర్చుకున్నాము. 80 కంటే తక్కువ మొలకెత్తిన విత్తనాన్ని నారుమడికి వాడకూడదనీ, కోసిన వెంటనే పరీక్షిస్తే వరి గింజకు సహజంగా ఉండే నిద్రావస్థ వల్ల లెక్క తప్పుతుందనీ చెప్పుకున్నాము. గింజ బతికి ఉన్నదా లేదా అన్నది ఆ పరీక్ష చెబుతుంది. ఆ గింజ మనం అనుకున్న రకమేనా, అందులో బెరకులు, అంటే వేరే రకం మొక్కల గింజలు, కలిశాయా అన్నది మాత్రం చెప్పదు. దానికి జవాబు చేనులోనే దొరుకుతుంది. ఈ పాఠం పూర్తయ్యేసరికి మీ పొలంలో విత్తనానికి పనికివచ్చే దుబ్బులను మీరే గుర్తించగలగాలి.

నేను ఈ పని నేర్చుకున్నది ఒక నష్టం తరువాత. సాగర్ ఎడమ కాలువ కింద మాకున్న రెండెకరాలలో ఒక యాసంగికి దుకాణంలో కొన్న సంచులతో నారు పోశాము. చేను ఈనే వేళకు పొలంలో మూడు ఎత్తుల వరి కనిపించింది. కొన్ని దుబ్బులు ముందే పండి గింజ రాల్చాయి, కొన్ని కోతనాటికి ఇంకా పాల మీదనే ఉన్నాయి. మిల్లువారు ఆ ధాన్యానికి ధర తగ్గించారు. ఆ ఏడాది మా ఊరిలోని ఒక పెద్దాయన గట్టు మీద నిలబడి, "ముందు పొలం చూడడం నేర్చుకో బిడ్డా, విత్తనం తరువాత కొందువు" అన్నారు. అధిక దిగుబడి వంగడాల చరిత్ర చదివినకొద్దీ నాకు ఆ మాటే గుర్తుకు వస్తుంది. ఆ చరిత్రలో ప్రయోగశాలల పాత్ర ఉన్నది, కానీ వేల మొక్కలను ఓపికగా చూసి ఎక్కువ భాగాన్ని పారవేసిన మనుషుల పాత్ర అంతకంటే పెద్దది.

ఐఆర్ 8 అనే అధిక దిగుబడి పొట్టి వరి రకం పుట్టిన తీరును కొంచెం నిదానంగా చూద్దాము, ఎందుకంటే మనం చేయబోయే పని దాని చిన్న రూపమే. 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త 38 సంకరాలు, అంటే రెండేసి రకాలను కలిపిన జతలు, చేశారు. వాటిలో ఎనిమిదవది ఇండోనేషియాకు చెందిన పొడుగు రకం పేటాకు, తైవాన్‌కు చెందిన పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌కు కుదిర్చిన జత. దాని నుంచి వచ్చినవి 130 గింజలు మాత్రమే. మొదటి తరం మొక్కలన్నీ పొడుగ్గానే పెరిగాయి. వాటి గింజలతో వేసిన రెండవ తరంలో సుమారు 10,000 మొక్కలు ఉండగా, నాలుగింట ఒక వంతు పొట్టిగా వచ్చాయి. పొట్టితనం ఒకే జన్యువు మీద ఆధారపడి ఉన్నదని, అంటే దానిని తేలికగా మంచి రకాలలోకి చేర్చవచ్చని ఆ నిష్పత్తే చెప్పింది. పొడుగువాటిని, ఆలస్యంగా పండేవాటిని తీసివేశారు. మిగిలినవాటిని అగ్గితెగులు నారుమళ్ళలో పరీక్షించి, చివరికి ఎంచిన ఒక్కొక్క మొక్క గింజలను ఒక్కొక్క వరుసగా నాటారు. నాల్గవ తరంలో 288వ వరుసలోని మూడవ మొక్కను ఎంచుకున్నారు. ఐఆర్ 8-288-3 అన్న పూర్తి పేరు ఆ వరుస, ఆ మొక్కల సంఖ్యలే. 1966 నవంబరులో దానిని ఐఆర్ 8గా విడుదల చేశారు.

పొట్టితనానికి అంత విలువ ఎందుకన్నది అర్థమైతేనే మీ చూపుకు దిశ దొరుకుతుంది. పాత పొడుగు వరికి యూరియా వేస్తే అది గడ్డిగా పెరిగి, గింజ బరువెక్కే సమయానికి గాలివానకు పడిపోయేది. పడిన చేనులో గింజ తాలు పోయేది లేదా నీటిలో మొలకెత్తేది. పొట్టి రకం అదే ఎరువును గట్టి కాడగా, నిటారు ఆకులుగా, ఎక్కువ పిలకలుగా మార్చుకుంటుంది. పాత రకాలలో పంట మొత్తం బరువులో గింజ వాటా సుమారు మూడవ వంతు ఉంటే, కొత్త రకాలలో అది సగానికి చేరింది. గోధుమలోనూ ఇదే జరిగింది. జపాన్ రకమైన నోరిన్ 10 పొట్టితనాన్ని అమెరికా శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో తన గోధుమలలోకి తెచ్చారు. 1965, 1966లలో వరుసగా వానలు లేక విదేశీ ధాన్యపు ఓడల కోసం ఎదురుచూసిన మన దేశం, 1966లో 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనాన్ని తెప్పించుకున్నది. దాని వెనుక ఎం.ఎస్. స్వామినాథన్ వంటి మన శాస్త్రవేత్తల కృషి ఉన్నది. బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆకలి తగ్గించడం శాంతికి పునాది అన్న ఆ గుర్తింపు నాకు ఎంతో సరైనదిగా తోస్తుంది.

మన వైపు నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలినది 1967 ఆగస్టు 4న. అదే ఏడాది పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్ 8 పండించి చూపారు. కాలువ నీరు, పొట్టి వరి ఒకే కాలంలో రావడం వల్ల మిర్యాలగూడ చుట్టుపక్కల మెట్ట భూములు వరి మాగాణులయ్యాయి, మిల్లులు లేచాయి. పాలమూరు వైపు పరిస్థితి వేరు. ఆముదం, జొన్న, కంది పండే ఆ నేలలకు కాలువ నీరు చాలా కాలం అందలేదు. నీరు, ఎరువు దొరికినచోటే ఫలించేలా ఎంచిన విత్తనం అవి లేనిచోట అంత మేలు చేయలేదు. జొన్నలో సీఎస్‌హెచ్-1 అనే తొలి సంకర రకం 1964లోనే వచ్చినా, మెట్ట పంటల మీద దేశం పెట్టిన శ్రద్ధ వరి, గోధుమల మీద పెట్టినంత లేదన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఇక పని మొదలుపెడదాము. చేను పూర్తిగా ఈనిన తరువాత ఒక ఉదయం, గింజ గట్టిపడి కోతకు వారం ఉందనగా మరొక ఉదయం పొలంలోకి దిగాలి. గట్టు పక్క వరుసలను పూర్తిగా వదిలివేయండి; అక్కడ వెలుతురు, ఎరువు ఎక్కువ అంది ప్రతి దుబ్బూ బలంగా కనిపిస్తుంది. ఆ బలం స్థలానిది, విత్తనానిది కాదు. అదే కారణంగా చుట్టూ ఖాళీ ఉన్న దుబ్బులను కూడా నమ్మకూడదు. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పక్క ఊరి రకంతో కలవకుండా, వేరే రకం వేసిన పొలానికి కనీసం 3 మీటర్ల దూరం ఉన్న నడిమి భాగాన్ని ఎంచుకోండి. వరి తన పువ్వులో తానే పరాగసంపర్కం జరుపుకునే పంట కాబట్టి ఆ దూరం సరిపోతుంది.

మొదటి ఉదయం చేయవలసినది బెరకులను వేర్లతో సహా పీకివేయడం. చుట్టుపక్కల దుబ్బుల కంటే ఎత్తుగా లేచినవి, ముందుగా లేదా ఆలస్యంగా ఈనినవి, పోటాకు (కంకి కింది చివరి ఆకు) వాలిపోయినవి, గింజ చివర మీసం ఉన్నవి, కాడ రంగు వేరైనవి ఇందులోకి వస్తాయి. కోస్తే పిలకలు మళ్ళీ లేస్తాయి కనుక పీకడమే మంచిది. రెండవ ఉదయం పాత చీర పీలికలు వెంట తీసుకువెళ్ళి, నాలుగు వైపులా సమానంగా పొరుగు దుబ్బులున్నా వాటికంటే మెరుగ్గా నిలిచిన దుబ్బులకు కట్టండి. కాడ గట్టిగా ఉండాలి, పిలకలన్నీ ఇంచుమించు ఒకేసారి పండాలి, కంకి అడుగున తాలు తక్కువగా ఉండాలి, ఆకు మీద తెగులు మచ్చ ఉండకూడదు. ఆ దుబ్బుల నుంచి 200 మంచి కంకులను చేతితో కోసి, ఒక్కొక్కటిని విడిగా కాగితపు సంచిలో పెట్టి సంఖ్య వేయండి.

వచ్చే కాలంలో ఆ కంకి గింజలను విడివిడిగా నారు పోసి, కుదురుకు ఒక్క మొక్క చొప్పున కంకికో వరుసగా నాటాలి. ఒక వరుసలో ఎత్తు గాని, ఈనే రోజు గాని తేడా పడితే ఆ కంకిలోనే కల్తీ ఉన్నదని అర్థం. ఒక్క మొక్కను కాదు, మొత్తం వరుసను విత్తనం నుంచి తీసివేయాలి. ఇది మనసుకు కష్టంగా ఉంటుంది. అయినా సరే, సమానంగా ఉన్న వరుసల గింజలను మాత్రమే కలిపి మరుసటి కాలానికి విత్తనంగా ఉంచుకోవాలి. ఈ పద్ధతి సాంబ మసూరి, తెలంగాణ సోన వంటి సూటి రకాలకే, అంటే సంకరం కాని రకాలకే, పనికివస్తుంది. సంకర విత్తనం నుంచి వచ్చిన గింజ రెండవ తరంలో చెదిరిపోతుంది కనుక ఎంత ఎంచినా నిలవదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు కూడా.

పీకివేసే ముందు ఒక్క జాగ్రత్త. చుట్టూ చేను తెగులుతో ఎండుతుండగా పచ్చగా నిలిచిన వింత దుబ్బు కనిపిస్తే దానిని పారవేయకండి, విడిగా దాచండి. సాంబ మసూరి ఎంత రుచికరమైనదో బాక్టీరియా ఎండాకు తెగులుకు అంత లొంగుతుంది. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరిలోకి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఇతర వరుల నుంచి తెచ్చి చేర్చారు. అంతకు ముందు గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులుకు అడ్డుగా నిలిచే గుణం వేల రకాలను వెతికితే ఉత్తర ప్రదేశ్‌లో దొరికిన ఒక అడవి వరిలో కనిపించింది. ఒకే రకం వేల ఎకరాలు పరచుకున్నచోట అటువంటి ఒక్క మొక్క విలువ ఎంతో ఊహించండి.

ఈ వారం సాధన: పొలంలో మూడు చోట్ల పదేసి దుబ్బుల ఎత్తును టేపుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. ఒక చోటి పది దుబ్బులలో అతి పొట్టికీ అతి పొడుగుకూ జానెడు కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ చోట బెరకులున్నాయేమో మళ్ళీ వెతకండి. ఎంచిన 200 కంకులను నీడలో ఆరబెట్టి సంచులను వెదురుబుట్టలో ఉంచండి. నాల్గవ పాఠంలో ఉప్పునీటితో తాలు వేరు చేయడం, తేమను 13 శాతం వరకు దించి నిలవ చేయడం నేర్చుకుంటాము. అప్పటికి ఒక కోడిగుడ్డు, రెండు కిలోల ఉప్పు సిద్ధంగా పెట్టుకోండి.