పాత వాష్ బేసిన్ మార్చుకుందాం

ముందు యాంగిల్ కాక్ (బేసిన్ కింద గోడకు ఉండే చిన్న వాల్వు) కట్టేసి కుళాయి తిప్పి చూడండి. ఇంకా చుక్కలు పడుతుంటే మేడ మీది ట్యాంకు వాల్వు కట్టేయాల్సిందే. బాటిల్ ట్రాప్ (బేసిన్ అడుగున నీరు నిలిచి ఉండే సీసా లాంటి భాగం) కింద బకెట్ పెట్టాకే దాని నట్టు వదులు చేయండి. ఒకరు బేసిన్ పట్టుకుని ఉండగా మరొకరు బోల్టులు విప్పాలి. ఈ పని ఒంటరిగా చేయవద్దని మా ఇంట్లో అందరికీ గట్టిగా చెబుతాను. పగిలిన పింగాణీ అంచు కత్తిలా కోస్తుంది.

కొత్తది కొనే ముందు పాత బోల్టుల మధ్య దూరం కొలుచుకోండి. అది సరిపోతే టైల్స్‌కు మళ్లీ రంధ్రాలు చేయనక్కర్లేదు.

నేను ఎక్కువ సమయం పెట్టేది వేస్ట్ కప్లింగ్ (బేసిన్ రంధ్రంలో బిగించే, వాడిన నీరు బయటికి పోయే గొట్టం) దగ్గరే. దాని రబ్బరు వాషరు మడత పడకుండా బేసిన్ అడుగుకు అంటుకుని కూర్చోవాలి. మరలపై టెఫ్లాన్ టేపును (నీరు కారకుండా వేసే పలుచని టేపు) నట్టు బిగించే దిశలోనే చుట్టాలి. గోడ బోల్టులను రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించండి, లేకపోతే పింగాణీ చిట్లుతుంది. అంచుకు సిలికాన్ పూసి 24 గంటలు ఆరనివ్వండి. తర్వాత బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, ప్రతి నట్టునూ పొడి కాగితంతో అద్ది చూడండి.