విశాఖలో పాత టేకు బీరువా, సైడ్‌బోర్డు కొనేటప్పుడు

కొలతలతో మొదలుపెట్టండి. గోడ ఒక్కటే కాదు, లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా కొలవాలి. పాత బీరువాలు చాలావాటికి పైభాగం, కాళ్లు విడివిడిగా ఊడతాయి. అవునో కాదో అమ్మేవాణ్ని అడగండి.

తర్వాత సొరుగు పూర్తిగా బయటికి లాగండి. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. పాలిష్ పడని లోపలి చెక్క చూస్తే అది టేకో, రంగు పూసిన వేరే కలపో చెప్పొచ్చు. సొరుగును తెల్ల కాగితం మీద తట్టండి. పిండిలాంటి పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. అది సాధారణంగా చేవ (మాను నడిమి గట్టి చెక్క) జోలికి రాదు, దాని చుట్టూ బెరడు వైపున్న తెల్లచెక్కనే తింటుంది. అందుకే చేవ ఎక్కువున్న ముక్కకు కాస్త ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు. చెద కోసం కాళ్ల అడుగు, వెనక పలక స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే వదిలేయండి.

బందులకు అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుమే. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. ఇత్తడి బందులు, ఇత్తడి స్క్రూలే వేయించండి.

ఇంట్లో గోడకు 2 అంగుళాల దూరంలో పెట్టండి. వానాకాలంలో సొరుగు బిగుసుకుంటే చిత్రిక పట్టించొద్దు, ఎండాకాలానికి వదులైపోతుంది. అంచులకు కొవ్వొత్తి రుద్దితే చాలు.