పెద్దవాళ్ల ఇల్లు, డబ్బు చేజారకుండా

మల్కాజిగిరిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో సొంతిల్లున్న పెద్దావిడ మీద ఉన్నట్టుండి ఎవరికో ప్రేమ పొంగుకొస్తుంటే, ముందు పాస్‌బుక్ ప్రింట్ చేయించి ఆమె పక్కనే కూర్చుని చూడండి. పింఛను పడ్డ రోజే ఏటీఎంలో పదేసి వేలు తీసినట్టు వరసగా కనిపిస్తూ, ఆమేమో గడప దాటని మనిషైతే, కార్డు ఎవరి దగ్గరుందో అడగాలి. పోలీసులా కాదు, టీ తాగుతూ మామూలుగా. బ్యాంకులో ఉన్న ఫోన్ నంబరు ఆమెదేనా? మెసేజ్‌లు వేరేవాళ్లకి పోతుంటే ఆమెకేం తెలుస్తుంది!

మనవడికి బైక్ కొనిస్తానంటే కొనివ్వనీండి, అది ఆమె డబ్బు, ఆమె ఇష్టం.

అసలు టెన్షన్ ఇంటి కాగితాలతోనే. వీలునామా అయితే తర్వాత మార్చుకోవచ్చు, గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రిజిస్టరైందంటే మాత్రం ఇల్లు అప్పుడే చేతులు మారినట్టు. ఇచ్చి తీరాలనుకుంటే, తన బాగోగులు చూడాలన్న షరతు అందులోనే రాయించండి, రేపు చూడకపోతే 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌లో దాన్ని రద్దు చేయమని అడగొచ్చు. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర కన్నకొడుకు అడిగినా వద్దు. అప్పుడప్పుడు ఈసీ, అంటే ఇంటి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే కాగితం, తీయించి చూస్తుండండి.

ఎవరినడగాలో తెలియకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి, ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.