బూస్టర్ లేకుండా డిస్క్ బ్రేకులు: నా 1969 సీ10
డల్లాస్‌లో నేను నడిపే 1969 షెవర్లే సీ10 పికప్ ట్రక్కుకి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉండేవి. వానలో ఒక పక్కకి లాగేది, టెన్షన్‌గా ఉండేది. ముందు చక్రాలకు డిస్కులు వేయించాను, కాలి బలానికి తోడుగా బ్రేకుని నొక్కే బూస్టర్ మాత్రం వద్దనుకున్నాను. తీరా చూస్తే పెడల్ రాయిలా ఉంది, ఎంత తొక్కినా బండి సరిగా ఆగదు. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది మాస్టర్ సిలిండర్. కిట్‌తో వచ్చినదాని బోరు (లోపలి వ్యాసం) 1.125 అంగుళాలు, అది బూస్టర్ ఉన్న బండికి తగినది. 1 అంగుళం బోరుది వేశాక, అంతే కాలి బలానికి ఆయిల్ ఒత్తిడి దాదాపు 27 శాతం పెరిగింది. పెడల్ కాస్త ఎక్కువ కిందికి దిగుతుంది, ఫర్వాలేదు.

డ్రమ్ముల పాత మాస్టర్ సిలిండర్‌ని మాత్రం డిస్కులకు వాడకండి. అందులోని రెసిడ్యువల్ వాల్వ్ లైన్లో ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. ప్యాడ్లు రోటర్‌ని (చక్రంతో తిరిగే డిస్కుని) వదలక వేడెక్కిపోతాయి. వెనక చక్రాలు ముందే లాక్ అవకుండా వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టి, ఖాళీ స్థలంలో బ్రేకు కొట్టి చూస్తూ సర్దుకున్నాను.