రైఫిల్‌కి తక్కువ ఖర్చులో తేలికైన లైట్, మౌంట్

పెట్టె మీది ల్యూమెన్ల (మొత్తం వెలుగు) అంకె చూసి మాత్రమే లైట్ కొనకండి. కాంతి ఎంత దూరం సూటిగా పోతుందో తెలిపేది క్యాండెలా. గదుల్లోకి 10,000 క్యాండెలాలు చాలు, ఆరుబయటికి అంతకు రెండు మూడు రెట్లు కావాలి.

బరువు తుపాకీ గొట్టం కొసవైపు జరిగేకొద్దీ చేతులు త్వరగా అలసిపోతాయి. అందుకే ఒకే సీఆర్‌123 (పొట్టి లిథియం) బ్యాటరీతో నడిచేది మేలు. వెలిగే సమయం తగ్గుతుంది, స్పేర్ బ్యాటరీ దగ్గరుంచుకోండి. చౌక లైట్లలో తరచూ ఇబ్బంది పెట్టేవి స్విచ్, బ్యాటరీ స్ప్రింగ్. రికాయిల్‌కి, అంటే కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకి, స్ప్రింగ్ అణిగి కరెంటు క్షణం తెగుతుంది, లైట్ ఆరిపోతుంది లేదా మోడ్ మారుతుంది. ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుళ్ల ఆట తుపాకులు) కోసం చేసినవి అసలు వద్దు.

హ్యాండ్‌గార్డ్‌కి (గొట్టం చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు) ఎం-లాక్ రకం పొడవాటి గాడులుంటే నేరుగా వాటికే బిగిసే మౌంట్ తీసుకోండి. మధ్యలో రైల్ (పరికరాలు తగిలించే పళ్ల పట్టీ) ముక్క వేస్తే బరువూ, వదులయ్యే స్క్రూలూ పెరుగుతాయి.

బిగించేముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూడండి. స్క్రూల నూనె తుడిచి, నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేయండి. గాడి లోపల స్క్రూ పట్టుకునే టీ-నట్ 90 డిగ్రీలు తిరిగి గాడికి అడ్డంగా కూర్చోవాలి. సగమే తిరిగితే కాల్పులకు మౌంట్ ఊడిపోతుంది. 24 గంటలు ఆరనిచ్చి, స్క్రూ తల మీదుగా పెయింట్ గీత గీయండి. గీత తప్పితే స్క్రూ వదులైనట్టే.