కడిగిన తివాచీ రెండు వారాలకే మళ్లీ నల్లబడుతుంటే

సబ్బు అందుకునే ముందు తివాచీని బోర్లా తిప్పి, వెనకవైపు కర్రతో నాలుగు దెబ్బలు వేయండి. ఇసుక రాలితే అది ఇంకా కడిగే దశకు రాలేదన్నమాట. పిట్టగోడ మీద వేసి దులపడం అందరికీ తెలుసు, కానీ అందరూ పైవైపే బాదుతారు. దాంతో పోగుల మొదట్లో ఉన్న ఇసుక ఇంకా లోపలికి దిగుతుంది. వెనక నుంచి బాదితేనే బయటికొస్తుంది. రాలడం ఆగేదాకా బాదాలి. ఇసుక ఉండగానే నీళ్లు పోస్తే బురదవుతుంది, ఆ బురదను ఎంత సబ్బూ వదిలించదు. ఇంత చిన్న పని వదిలేసి నేరుగా బకెట్ నింపేవాళ్లే ఎక్కువ.

దులిపాక కూడా ఇబ్బంది ఉంటే ముందుకు చదవండి.

లక్షణం: కడిగాక త్వరగా మాయడం, నడిచే దారి ముందు నల్లబడటం

పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారు, దుమ్ము ఎక్కువ అంటారు. ఆ దుమ్ము ముందూ ఉంది కదా! కడగక ముందు రెండు నెలలు ఆగిన తివాచీ, కడిగాక రెండు వారాలు కూడా ఆగకపోతే తప్పు దుమ్ముది కాదు. లోపల మిగిలిపోయిన సబ్బుది.

బకెట్‌లో గుప్పెడు బట్టల పొడి కలిపి, బ్రష్‌తో రుద్ది, పైన రెండు బకెట్లు కుమ్మరిస్తే పైనురగ పోతుంది, లోపలి సబ్బు అడుగుకు దిగుతుంది. ఎండేటప్పుడు అడుగు తేమ పోగుల కొసల దాకా ఎక్కి అక్కడే ఆరుతుంది. తనతో తెచ్చిన సబ్బును అక్కడే వదులుతుంది. పాదాలు తగిలేదీ ఆ కొసలకే. జిడ్డుగా ఉన్నచోట మట్టి అంటుకుంటుంది. చూసినవాళ్లు సబ్బు చాలలేదనుకుని ఈసారి రెండు గుప్పెళ్లు వేస్తారు. ఇలా ప్రతిసారీ ఇంకాస్త తొందరగా మాస్తుంది.

బోరు నీళ్లు దీనికి తోడవుతాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టులా పోగులకు పట్టేస్తాయి. ఎండిన తివాచీ చేతికి గరుగ్గా, బిరుసుగా తగిలితే ఇదే.

నిర్ధారణకు నిమిషం చాలు. ఎండిన తివాచీ మీద నల్లబడిన చోట గ్లాసుడు మామూలు నీళ్లు చల్లి, చేత్తో అర నిమిషం రుద్దండి. నురగ వచ్చిందా, కారణం దొరికింది.

పరిష్కారంలో సబ్బుకు చోటు లేదు. 4 లీటర్ల నీటిలో 100 మి.లీ. తెల్ల వెనిగర్ కలపండి. నైలాన్, పాలిప్రొపిలీన్‌లాంటి వాటికి గోరువెచ్చని నీళ్లు, ఉన్నికి చల్లనివి. ముందుగా ఓ మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగడం లేదని చూసుకోండి. తర్వాత మగ్గుతో చల్లి, మెత్తటి బ్రష్‌తో పోగులు వాలిన వైపే రుద్దండి. నేల తుడిచే వైపర్‌తో అదే వైపు నీళ్లు తోసేయండి. ఆపైన ఒట్టి నీళ్లతో కడిగి తోసేయండి. చివరి విడతకైనా బోరు కాకుండా కుళాయిలో వచ్చే మంజీర నీళ్లు వాడండి. తోసిన నీళ్లు గ్లాసులో పట్టి ఊపినా నురగ రాకపోతే అయిపోయినట్టు. పాత సబ్బు మూడు నాలుగు విడతలకు గానీ వదలదు.

వెనక రబ్బరులాంటి జిగురు పూత ఉన్న రకాలను నానబెట్టొద్దు, పూత ఊడుతుంది. నీళ్లు పీల్చే వ్యాక్యూమ్‌తోనో, పొడి తువ్వాళ్లతోనో లాగాలి. పట్టు, ఆర్ట్ సిల్క్ అయితే ఇంట్లో ముట్టుకోకండి.

ఇకముందు లీటరుకు ఒక్క టీస్పూను ఘాటులేని లిక్విడ్ సబ్బు చాలు. ఏలూరు ఉన్ని తివాచీలాంటి దానికి బట్టల పొడి అసలే వద్దు. అందులోని క్షారం ఉన్నిని పెళుసుగా చేస్తుంది, మరకలు తినే ఎంజైములు పోగునే తినేస్తాయి.

లక్షణం: పోయిన మరక ఎండగానే తిరిగి కనిపించడం

అడుగున మిగిలింది పైకి ఎక్కుతోంది. చాయ్, హలీమ్ ఒలికినప్పుడు ఇది మామూలే. ఆ చోట కొద్దిగా తడిపి, మడిచిన తెల్ల తువ్వాలు పరిచి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఎక్కే మరక తువ్వాలుకు పడుతుంది. పసుపు మరకకు మాత్రం సబ్బు తగలనివ్వకండి. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అవుతుందని తెలుసుగా, సబ్బు తగిలినా అలాగే ఎర్రబడుతుంది. ఎర్రబడితే వెనిగర్ నీళ్లు అద్దండి, పసుపుపచ్చకు తిరుగుతుంది. మిగిలింది ఎండకు వెలుస్తుంది. తివాచీ రంగు వెలవకుండా చుట్టూ గుడ్డ కప్పి, మరక ఒక్కదానికే ఎండ తగలనివ్వండి.

లక్షణం: ముక్కిన వాసన

పైన ఎండింది, అడుగు ఎండలేదు. బాగా తడిసిన దాన్ని దండెం మీద వేలాడదీస్తే ఆకారం పోతుంది. ముందు తువ్వాళ్లతో నీళ్లు అద్దేసి, నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీల మీద వెనకవైపు పైకి వచ్చేలా పరవండి, కిందినుంచీ గాలి ఆడాలి. ఒక్క రోజులో ఎండదనుకుంటే కడగకండి, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా దులపడంతో సరి. వరంగల్ జంపఖానా నూలుది, పల్చనిది కాబట్టి తెరిపి రోజున దానికి మినహాయింపు. పెంపుడు కుక్క మూత్రం వాసనైతే ఇవేవీ పనిచేయవు, ఎంజైమ్ క్లీనరే కావాలి, ఉన్నికైతే ఉన్నికి పనికొస్తుందని రాసి ఉన్నదే.

మిగతావి అరుదు. సోఫా కింద ఉన్నిలో చిల్లులు పడితే పురుగు పట్టింది, రెండువైపులా వ్యాక్యూమ్ చేసి ఎండలో వేయండి. కొత్త ఉన్ని కొన్నాళ్లు నూగు రాల్చుతుంది, అది జబ్బు కాదు. వెనకనుంచి తెల్లపొడి రాలితే మాత్రం జిగురు చచ్చింది, దానికి మందు లేదు.